ఒకే పేరు, ఇద్దరు మనుషులు

(మొన్న యువజన శిక్షణ శిబిరంలో మాట్లాడిన మాటలివి. రాసి పెట్టమని చాలామంది అడిగారు. కొంచెం సరిచేసి పెడుతున్నాను.)



ఇవాళ నేను మాట్లాడబోయేది వినడానికి చప్పగా ఉంటుంది. భూమి గురించి కాదు, కేసుల గురించి కాదు. ఎక్సెల్ షీటు గురించి. షీటులో ఒకే మాట, ఒకే పేరు, ఒకే అంకె పది వరసల్లో మళ్లీ మళ్లీ వస్తే దాన్ని ఏం చేయాలి అన్న దాని గురించి. "దీనికోసం ఇంత దూరం రమ్మన్నావా అన్నా" అని మీలో ఎవరికైనా అనిపిస్తే తప్పేం లేదు. కానీ కాసేపు ఓపిక పట్టండి. ఈ చిన్న పని సరిగ్గా చేయక నేను పదిహేను మందిని కాగితం మీద లేకుండా చేశాను. ముందు ఆ సంగతే చెప్తాను.

డిగ్రీ అయిపోయిన కొత్తలో మేం కొంతమందిమి కలిసి యానాది కాలనీలు, ఎరుకల కాలనీలు, సుగాలి తండాలు తిరిగి సర్వే చేశాం. ఎవరికి కుల ధ్రువీకరణ పత్రం లేదు, ఎవరికి ఆధార్ లేదు, ఎవరికి ఇంటి స్థలం లేదు, ఇదీ లెక్క. రెండు టీములుగా వెళ్లాం. మిరపకాయ కోతల కాలం. పగలు వెళితే కాలనీలో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అందుకని కొన్ని ఇళ్లకు పొద్దున ఒక టీము, రాత్రి ఇంకో టీము వెళ్లింది. అలా కొందరి పేర్లు రెండుసార్లు ఎక్కాయి.

మొత్తం 412 వరసలు వచ్చాయి. కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనే కాబట్టి శుభ్రం చేసే పని నాకిచ్చారు. రేపు సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇవ్వాలి, ఈ రాత్రికి పూర్తి కావాలి. నేనేం చేశాను? షీటు మొత్తం సెలెక్ట్ చేశాను, పేరు, ఊరు అన్న రెండు కాలమ్‌లకు టిక్ పెట్టి "రిమూవ్ డూప్లికేట్స్" నొక్కాను. ఒక్క క్షణంలో అయిపోయింది. 37 డూప్లికేట్లు తీసేశాం, 375 మిగిలాయి అని చూపించింది. నాకు భలే సంతోషం వేసింది. ప్రింటు తీసి నిద్రపోయాను.

నెల తర్వాత కాలనీలో జాబితా చదువుతుంటే ఒక అవ్వ లేచి నిలబడింది. పేరు మార్చి చెప్తున్నాను, అంకమ్మ అనుకోండి. ఆ రోజు మిరప కోతకు పోకుండా, కూలి వదులుకుని వచ్చింది. "నా పేరు చదవలేదేంది నాయనా" అంది. "చదివాను కదా అవ్వా, అంకమ్మ అని" అన్నాను. ఆమె పక్కకు చూపించింది. అక్కడ ఇంకో అంకమ్మ కూర్చుని ఉంది. "మేం ఇద్దరం ఉన్నాం. నువ్వు ఒక్కదాన్నే రాశావా?" అంది.

ఇంటికొచ్చి పాత ఫారాలు తీసి ఒక్కొక్కటీ చూశాను. నేను తీసేసిన 37 వరసల్లో 22 నిజంగా రెండుసార్లు రాసినవే. మిగతా 15 వేరే వేరే మనుషులు. అంటే అర్జీలో 390 మంది ఉండాల్సింది, 375 మందే వెళ్లారు. ఆ 15 మందికి మళ్లీ అర్జీ పెట్టాం. కానీ ముందు వెళ్లినవాళ్ల తేదీ ముందు, వీళ్ల తేదీ వెనక. ఆ వెనకబాటు ఎవరి వల్లా కాదు, నా వల్ల.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన జనంలో పేర్లు ఎందుకు ఇంతగా కలుస్తాయి? ఒక కాలనీలో అందరూ రెండు మూడు ఇంటి పేర్ల వాళ్లే. అంకమ్మ, పోలేరమ్మ, వెంకటేశ్వర్లు అని దేవుళ్ల పేర్లే పెట్టుకుంటారు, తాత పేరు మనవడికి వస్తుంది. తండాలో ఒకే గోత్రం వాళ్లు, అందరి చివరా నాయక్ లేదా బాయి. పుట్టిన తేదీ చూసి తేల్చుదామంటే, పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్ తీసినప్పుడు తేదీ తెలియక జనవరి 1 అని పడింది. పేరూ ఒకటే, ఊరూ ఒకటే, పుట్టినరోజూ ఒకటే. మిషన్‌కు వాళ్లిద్దరూ ఒక్కరే. మనిషి మాత్రం ఇద్దరు.

ఇది నా ఒక్కడి చేతకానితనమే అయితే ఇంత చెప్పను. పెద్ద పెద్ద వ్యవస్థలు కూడా ఇదే తప్పు, లక్షల మంది మీద చేశాయి.

2015లో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితా శుద్ధి కార్యక్రమం పెట్టింది. ఓటరు కార్డుకు ఆధార్ కలిపి, రెండుసార్లు ఉన్న పేర్లు పట్టుకుని తీసేయాలన్నది ఉద్దేశం. ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆధార్ కలిపే పని ఆగింది. ఆగేలోపే చాలా పని జరిగిపోయింది. 2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు ఎంతోమంది పోలింగ్ బూత్‌కి వెళ్లి, పేరు లేదని తెలుసుకుని వెనక్కి వచ్చారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. క్షమాపణ వచ్చింది, ఆ రోజు ఓటు రాలేదు.

రేషన్ కార్డుల సంగతి చూడండి. తెలంగాణలో 2014 నుంచి 2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. అక్కడ సమగ్ర వేదిక అని ఒక కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒక్క మనిషివే అని జత కలుపుతుంది. 2024 జనవరిలో అల్ జజీరా బయటపెట్టిన కథనంలో ఒక ఇల్లాలి సంగతి ఉంది. ఆమె భర్త రిక్షా తొక్కిన మనిషి. దాదాపు అదే పేరున్న ఇంకొకాయనకు కారు ఉంది. రికార్డుల్లో ఇద్దర్నీ ఒక్కరిగా కలిపేశారు. కారు ఉంది కాబట్టి బియ్యం ఇవ్వం అన్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళితే, 2022లో కోర్టు చెప్పింది ఏమిటి? ఇళ్లకు వెళ్లి చూసి రండి అని. కంప్యూటర్ కలిపినదాన్ని విడదీయడానికి చివరికి మనిషి గడప దాకా నడవాల్సి వచ్చింది.

ఉపాధి హామీ సంగతి మన రాష్ట్రానిదే. 2022-23లో దేశం మొత్తం మీద 5 కోట్లకు పైగా కూలీల పేర్లు తీసేశారని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 78 లక్షలు. అంతకు ముందు ఏడాది మన దగ్గర తీసేసినవి ఆరు లక్షల పైచిలుకు. కారణాలుగా ఏం చెప్పారు? దొంగ కార్డు, డూప్లికేట్ కార్డు, పని ఇష్టం లేదు, ఊరొదిలి వెళ్లిపోయారు, చనిపోయారు. వీటిలో నిజంగా డూప్లికేట్లు ఉండవని నేననను. కానీ మూడు నెలలు మిరప కోతకు పోయిన కుటుంబాన్ని ఊరొదిలి వెళ్లిందని రాయడం ఎంత సులువో మీకు తెలుసు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకర్ని డూప్లికేట్ అని రాయడం ఇంకా సులువు. నేను రాశాను కదా.

కాబట్టి మన షీట్లు మనమే తయారు చేసుకునేటప్పుడు ఆ తప్పు చేయకూడదు. ఎలాగో ఇప్పుడు చెప్తాను. నోట్‌బుక్‌లో రాసుకోండి.

మిరప కోతల్లో ముఠా మేస్త్రీ పుస్తకం చూశారా? పైన తేదీ ఒక్కసారి రాస్తాడు. దాని కింద రైతు పేరు ఒక్కసారి. ఆ కింద కూలీల పేర్లు వరసగా. రెండో పేరు పక్కన తేదీ రాయడు, రెండు గీతలు గీస్తాడు, లేదా ఖాళీగా వదిలేస్తాడు. చదివే మనిషికి అర్థమవుతుంది, పైదే కిందకూ వర్తిస్తుందని. మన సర్వే ఫారాలు కూడా అంతే. ఊరి పేరు మొదటి వరసలో ఉంటుంది, కింద ముప్పై వరసలు ఖాళీ.

మనిషికి అర్థమైనది షీటుకు అర్థం కాదు. మీరు ఊరి పేరు మీద ఫిల్టర్ పెడితే మొదటి మనిషి ఒక్కరే కనిపిస్తారు. మిగతా ముప్పై మందికి ఊరు లేదు. ఇంకా ప్రమాదం, అక్షర క్రమంలో సార్ట్ చేస్తే ఎవరి కింద ఎవరున్నారో చెదిరిపోతుంది. ఇక ఏ ఊరో ఎప్పటికీ తెలియదు. గడులు కలిపేసి, అదే మెర్జ్ చేసి, అందంగా మధ్యలో ఊరి పేరు పెడతారు కొందరు. అది గోడకు అంటించడానికి బాగుంటుంది, లెక్కకు పనికిరాదు.

అందుకని మొదటి పని, ఖాళీలు నింపడం. కాలమ్ సెలెక్ట్ చేసి ఎఫ్5 నొక్కి, స్పెషల్‌లోకి వెళ్లి బ్లాంక్స్ ఎంచుకోండి. ఈక్వల్ గుర్తు కొట్టి, పై బాణం నొక్కి, కంట్రోల్ ఎంటర్ కొట్టండి. పైనున్నది కిందకు దిగుతుంది. తర్వాత ఆ కాలమ్ కాపీ చేసి, వాల్యూస్‌గా పేస్ట్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే సార్ట్ చేయగానే మళ్లీ చెదురుతుంది. ఓపెన్‌రిఫైన్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది, మన జనం వివరాలు బయటకు పోవు. అందులో ఫిల్ డౌన్ అని ఒక్క నొక్కుతో ఇదే పని అవుతుంది.

కానీ నింపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ ఖాళీకి అర్థం "పైదే" అనా, "తెలియదు" అనా? ఊరి కాలమ్‌లో ఖాళీ అంటే పైదే. ఆధార్ కాలమ్‌లో ఖాళీ అంటే ఆధార్ లేదని. అక్కడ ఫిల్ డౌన్ కొట్టారా, ఆధార్ లేని అవ్వకు పక్కింటివాళ్ల నంబరు వచ్చి పడుతుంది. మన సర్వే ఎవరి కోసం చేశామో వాళ్లే మాయమవుతారు. అందుకే ఇక నుంచి ఫారంలో ఖాళీ వదలొద్దు. లేకపోతే "లేదు" అని రాయండి, అడగకపోతే "అడగలేదు" అని రాయండి. ఆ రెండూ వేరు.

ఊరి పేరు ముప్పై వరసల్లో ముప్పైసార్లు వచ్చింది. చూడటానికి చిరాగ్గా ఉందని కొందరు తమ్ముళ్లు కింద ఉన్నవి చెరిపేస్తారు. చెరపొద్దు. ఈ రిపీట్ తప్పు కాదు. ప్రతి వరస తన కాళ్ల మీద తాను నిలబడాలి. ఒక వరసను కత్తిరించి ఎక్కడ పెట్టినా, ఆ మనిషి ఎవరో, ఏ ఊరో, ఏ కాలనీయో చెప్పగలగాలి. అందంగా కనిపించాలంటే చివర్లో, ప్రింటు కాపీలో చేసుకోండి.

రెండోది అన్నింటికంటే ముఖ్యం, చాలామందికి తెలియనిది. కొన్ని వివరాలు మనిషివి, కొన్ని కుటుంబానివి. వయసు, చదువు మనిషివి. భూమి, ఇంటి స్థలం, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు కుటుంబానివి. రెండూ ఒకే షీటులో పెడితే కుటుంబం వివరం ప్రతి మనిషి వరసలోనూ రిపీట్ అవుతుంది. రాయడం వరకు ఇబ్బంది లేదు. కూడినప్పుడు కొంప మునుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. నలభై కుటుంబాల కాలనీ అనుకోండి. అయిదు కుటుంబాలకే ఎకరం చొప్పున భూమి ఉంది. మొత్తం 5 ఎకరాలు. ఒక్కో కుటుంబంలో ఆరుగురు. ఆరుగురి పక్కనా "1 ఎకరం" అని పడింది. కింద కూడిక కొట్టారు. 30 ఎకరాలు! మన చేతులతో మనమే, భూమి లేనివాళ్లకు 25 ఎకరాలు ఉన్నట్టు కాగితం రాసిచ్చాం. దాన్ని చూసిన అధికారి "వీళ్లకు ఉందిగా" అంటే తప్పు ఎవరిది?

తిరగేసి చూడండి. ఒక కుటుంబం 20,000 అడ్వాన్సు తీసుకుని చెరువు మీదో, తోటలోనో కట్టుబడి ఉంది. నలుగురు మనుషులు, నాలుగు వరసలు. కూడితే 80,000. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976 కింద ఫిర్యాదు చేస్తున్నామనుకోండి. అవతలివాళ్లు చేసే మొదటి పని ఏమిటి? ఆ అంకె పట్టుకుని "వీళ్లు చెప్పేదంతా అబద్ధం" అంటారు. ఇరవై వేలు నిజం. మనిషి కదలలేకపోవడం నిజం. కూడికలో తప్పు ఆ రెండు నిజాలనూ మింగేస్తుంది.

మందు సులువే. రెండు షీట్లు పెట్టండి. ఒకటి కుటుంబాల షీటు, ఒక కుటుంబానికి ఒకే వరస. ఇంకొకటి మనుషుల షీటు, ఒక మనిషికి ఒకే వరస. రెండింటినీ కలిపేది కుటుంబం నంబరు. భూమి, అడ్వాన్సు కుటుంబాల షీటులోనే కూడండి. మనుషుల్ని మనుషుల షీటులోనే లెక్కపెట్టండి. కూడిక కొట్టే ముందు ప్రతిసారీ అడగండి: నేను కూడుతున్నది దేన్ని? ఇక్కడ ఒక వరస అంటే ఎవరు?

మూడోది, ఒకే మనిషి రెండుసార్లు. ఇక్కడ కూడా తీసేయడం కాదు, కలపడం. ఎందుకంటే రెండు ఫారాల్లో ఒకే వివరాలు ఉండవు. పొద్దున వెళ్లిన టీముకు కోడలు చెప్పింది, ఫోన్ నంబరు తెలియదంది. రాత్రి వెళ్లిన టీముకు కొడుకు చెప్పాడు, ఫోన్ నంబరు ఉంది కానీ అవ్వ వయసు రాయలేదు. రిమూవ్ డూప్లికేట్స్ నొక్కితే పైనున్న వరస ఉంచి కిందది పారేస్తుంది. ఏది మంచిదో చూడదు. మనం రెండూ పక్కపక్కన పెట్టుకుని, రెండింట్లో ఉన్న మంచి వివరాలతో ఒక వరస చేయాలి.

వలస పోయినవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. కర్నూలు వైపు నుంచి, మార్కాపురం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వస్తారు. సొంతూళ్లో సర్వే చేస్తే అక్కడ ఉంటారు, చేలో గుడారాల దగ్గర చేస్తే ఇక్కడా ఉంటారు. ఇద్దరు మనుషులు కాదు, ఒకే మనిషి. కానీ రెండు చోట్లా నిజమే. రేషన్‌కు, ఓటుకు సొంతూరు కావాలి. కూలి గొడవకు పనిచేసే చోటు కావాలి. మనిషి వరస ఒకటి ఉంచి, ఎక్కడెక్కడ కలిశామో వేరే షీటులో రాసుకోండి. ఏదీ పారేయొద్దు.

నాలుగోది, ఒకేలా ఉండాల్సినవి వేరుగా కనిపించడం. ఎర్రమ్మ, యర్రమ్మ. శ్రీను, శీను, శ్రీనివాసులు. ఒక షీటులో సుగాలి, ఇంకో షీటులో లంబాడి, మరో దాంట్లో బంజారా. షెడ్యూల్డు తెగల జాబితాలో ఈ మూడూ ఒకే నంబరు కింద ఉంటాయి. లెక్కకు ఒక కాలమ్‌లో ఒకే మాట పెట్టుకోండి, సరే. కానీ జనం తమను తాము ఏమని చెప్పుకున్నారో అది ఇంకో కాలమ్‌లో అలాగే ఉంచండి. చల్లా యానాది అని చెప్పుకున్నవాళ్లు, మంచి యానాది అని చెప్పుకున్నవాళ్లు ఊరికే చెప్పలేదు. మన లెక్క సులువు కోసం వాళ్ల మాట చెరిపే హక్కు మనకు లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల వచ్చాయి. ప్రకాశంలో కొంత బాపట్లకు, కొంత నెల్లూరుకు పోయింది. పాత సర్వేలో మాచర్ల గుంటూరు జిల్లా, కొత్త సర్వేలో పల్నాడు జిల్లా. రెండు షీట్లు కలిపితే ఒకే కాలనీ రెండు జిల్లాల్లో కనిపిస్తుంది, జనం రెట్టింపు అవుతారు. పాత జిల్లా ఒక కాలమ్, ఇప్పటి జిల్లా ఒక కాలమ్ పెట్టండి.

తెలుగులో టైపు చేసినప్పుడు ఇంకో దాగుడుమూత ఉంది. కొన్ని కీబోర్డులు పొల్లు అక్షరం తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెడతాయి. రెండు రమావత్‌లు చూడటానికి ఒకటే, షీటుకు వేరు. స్పేసులు తీసే ట్రిమ్‌తో అది పోదు. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనిచార్ 8204 అని ఇచ్చి తీసేయాలి. అది లెక్క కోసం పెట్టుకున్న కాపీ కాలమ్‌లో చేయండి.

దీనికి సరిగ్గా ఎదురైనది బ్యాంకు ఖాతా నంబర్లలో జరుగుతుంది. వేరే వేరేవి ఒకటైపోతాయి. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరిది సున్నా అయిపోతుంది. చివరి అంకెలోనే తేడా ఉన్న ఇద్దరి ఖాతాలు ఒకటే అయిపోతాయి. ముందున్న సున్నాలు కూడా పోతాయి. టైపు చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేయండి. అలా చేసినా కౌంట్‌ఇఫ్ వాటిని అంకెలుగానే పోలుస్తుంది, లేని డూప్లికేట్ చూపిస్తుంది. ముందు ఒక అక్షరం చేర్చి పోల్చండి. ఇంత చిన్న కారణానికి ఒకరి డబ్బులు ఇంకొకరి ఖాతాలో పడటం, లేదా ఇద్దరికీ పడకపోవడం జరుగుతుంది.

ఇక మన పద్ధతి ఏమిటి? నేను దెబ్బతిని నేర్చుకున్నది చెప్తాను.

అసలు షీటు ఎప్పుడూ ముట్టుకోవద్దు. కాపీ మీద పని చేయండి. మొదటి కాలమ్‌లో వరస నంబరు వేయండి, ఫారం కాగితం మీద కూడా అదే నంబరు రాయండి. నాకు ఆ పదిహేను మంది తిరిగి దొరికింది ఫారాలు పారేయకపోవడం వల్లే.

పేరును గుర్తుగా వాడొద్దు. కాలనీకి ఒక అక్షరం, ఇంటికి ఒక నంబరు, మనిషికి ఒక నంబరు. పా-12-03 అంటే పాత కాలనీ, పన్నెండో ఇల్లు, మూడో మనిషి. అంకమ్మలు ఎంతమంది ఉన్నా ఇబ్బంది లేదు. ఆధార్ అవసరమైతే చివరి నాలుగు అంకెలు చాలు. పూర్తి నంబర్లున్న షీటు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, దయచేసి.

తీసేయొద్దు, గుర్తు పెట్టండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, కాలనీ కలిపి కౌంట్‌ఇఫ్స్ కొట్టండి. ఒకటికంటే ఎక్కువ వస్తే ఆ వరస పక్కన "చూడాలి" అని వస్తుంది. అది అనుమానం మాత్రమే, తీర్పు కాదు. ఆ వరసల్ని మాత్రమే ప్రింటు తీసి కాలనీకి వెళ్లండి. ఒకరా ఇద్దరా అని అడగండి. ఎవరు అడిగారు, ఏ రోజు, ఏం తేలింది, పక్క కాలమ్‌లో రాయండి. ఎవరి పేరైనా తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. అందులో ఒకరు ఆ కాలనీ మనిషి అయి ఉండాలి.

చివరిది, అర్జీ ఇచ్చే ముందు జాబితా కాలనీలో గట్టిగా చదవండి. ఇది కొత్తేం కాదు. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లోనే గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీయే పెట్టారు. మస్టర్ రోల్ ఊళ్లో చదివితే చేయని పనికి కూలి రాసినవి ఎన్నో బయటపడ్డాయి. అధికారుల జాబితా చదవమని అడిగే మనం, మన జాబితా చదవకుండా ఎలా ఇస్తాం? నేను అర్జీ ఇచ్చే ముందు చదివి ఉంటే అంకమ్మ అవ్వ అప్పుడే లేచి నిలబడేది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. జాబితా అంటే మన పెద్దవాళ్లకు భయం. ఆ భయం ఊరికే రాలేదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అందరికీ తెలుసు. బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం పెట్టి ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలన్నారు, సెటిల్‌మెంట్లలో పెట్టారు, రిజిస్టర్లలో ఎక్కించి హాజరు తీసుకున్నారు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ కాలంలో రిజిస్టర్‌లో పేరు ఉండటమే శిక్ష. ఇప్పుడు జాబితాలో పేరు లేకపోవడం శిక్ష. రెండుసార్లూ రాసింది మనం కాదు.

ఇప్పుడు మన దగ్గర చదువుకున్న పిల్లలు ఉన్నారు, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, మన కాలనీ ఎవరిదో, ఏ ఇంట్లో ఎవరున్నారో మనకు తెలుసు. ఆ తెలివిని కంప్యూటర్‌కు ఇవ్వాలి గానీ, కంప్యూటర్ తొందరను మనం తెచ్చుకోకూడదు. ఈ వారం మీ మీ సర్వే షీట్లు తెరవండి. ఖాళీలు ఎన్ని, కుటుంబం అంకెలు ఎన్నిచోట్ల రిపీట్ అయ్యాయి, ఒకే పేరున్నవాళ్లు ఎంతమంది, ఈ మూడూ లెక్కపెట్టి వచ్చే సమావేశానికి తీసుకురండి. ఎవరి పేరూ తీయొద్దు, గుర్తు మాత్రమే పెట్టండి. తేల్చడానికి అందరం కలిసి కాలనీకి వెళ్దాం.

ఆ ఇద్దరు అంకమ్మలకూ ఇప్పుడు కుల పత్రాలు వచ్చాయి. ఇంటి స్థలం ఇంకా రాలేదు, ఇద్దరికీ. దానికోసం వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి జాబితా కాలనీలో చదివాం. వీలైనవాళ్లు రండి.

జై ఆదివాసీ.